గంపకు చారెడు

నా కుడిచెయ్యి చూసి నాకు పని ఇచ్చారు. నా గుణం చూసి కాదు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మొయినాబాదు దగ్గర మా ఊరి దొర ఇంట్లో జీతగాణ్ణి. కరువు ఏట మా బాపు దొర దగ్గర జొన్నలు అప్పు తెచ్చి, దానికింద నన్ను జీతానికి పెట్టాడు. అప్పు తీరకముందే బాపు పోయాడు. గొడ్ల కొట్టం ఊడవడం, మోట తోలడం, దొర కొడుకుల చేత తన్నులు తినడం, ఇదీ నా బతుకు. పెళ్లయ్యాక నా భార్య కూడా ఆ ఇంటికే పేడ ఎత్తేది.

ఒకరోజు చేవెళ్ల అంగడి గుత్తదారు దొరను కలవడానికి వచ్చాడు. అప్పట్లో వారపు అంగట్లో అమ్ముకునే ప్రతి మనిషీ పన్ను కట్టాలి. తైబజారీ అనేవారు దాన్ని. సర్కారు ఏటా హర్రాజు పెట్టేది. ఎక్కువ పాట పాడినవాడు ఆ ఏడంతా వసూలు చేసుకునేవాడు, అతనే గుత్తదారు. వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో పైస లేని ఆడవాళ్లు. అందుకని సరుకే తీసుకోవచ్చని సర్కారు కాగితంలో రాశారు, గంపకు చారెడు చొప్పున. పట్నంలో కూర్చుని ఆ మాట రాసిన పెద్దమనిషి మంచివాడే అయి ఉంటాడు. పేదవాళ్ల మీద జాలిపడే రాసి ఉంటాడు. కాని ఎవరి చేతి చారెడో రాయలేదు.

నేను వాకిట్లో ఎద్దులకు ఉలవలు పెడుతున్నాను. గుత్తదారు నా చెయ్యి చూసి మాట ఆపేశాడు. దగ్గరికి పిలిచి, నా అరచేతిని రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి, వేళ్లు చాపించి, ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసినట్టు చూశాడు. "ఉలవలు తియ్యిరా" అన్నాడు. తీసి నేల మీద పోశాను. దొర లేచి తన చేత్తో తీసి పక్కన పోశాడు. దొర కుప్ప నా కుప్పలో సగం కూడా లేదు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

పొద్దు గూకకముందే బేరం తెగింది. బాపు అప్పు కాగితం దొర పెట్టెలోంచి గుత్తదారు జేబులోకి మారింది. "మూడేండ్లు నా కాడ వసూలు చెయ్యి. కాగితం నీకే ఇస్త, చింపుకో" అన్నాడు. నేను అతని కాళ్లు మొక్కాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా మొక్కిన మాట నిజం. మరునాడు నా భార్య దొర ఇంటికి పోలేదు. పొద్దెక్కేదాకా మా గుడిసె ముందు ఊరికే కూర్చుంది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

ఆ పని నాకు నచ్చింది. దాన్ని దాచి ఇప్పుడు మంచివాణ్ణి అనిపించుకోవాలని లేదు. పుట్టినప్పటి నుంచి అందరి ముందూ వంగినవాణ్ణి, ఇప్పుడు నేను వస్తుంటే గంపల వెనక ఆడవాళ్లు వంగుతున్నారు. చెయ్యి మణికట్టుదాకా దింపి, వేళ్లు విప్పి, అడుగు నుంచి లేపి తీయడం నేర్చుకున్నాను. జొన్నలు ఎట్ల తీయాలి, మిరపకాయలు ఎట్ల తీయాలి, పెసలు జారకుండా బొటనవేలు ఎక్కడ ఆనించాలి, అన్నీ వచ్చేశాయి. నా వెనక గుత్తదారు మనుషులు ఇద్దరు దుడ్డుకర్రల్లాంటి గుత్పలు పట్టుకుని నడిచేవారు.

కొండకల్ నుంచి వచ్చిన ఒక రైతు నువ్వుల గంప ముందు నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇది మనిషి చెయ్యా, చేటనా?" అన్నాడు. వెనకనుంచి గుత్ప అతని చెవి మీద పడింది. చెవి సగం తెగి వేలాడింది. నెత్తురు నువ్వుల మీద కారింది. నేనేం చేశానో తెలుసా? నెత్తురు పడని పక్క నుంచి చారెడు తీసుకున్నాను. ఇన్నేళ్లలో ఆ మనిషి ముఖం మరిచిపోయాను గాని ఆ నువ్వులు మరిచిపోలేదు.

అంతలో ఎక్కడో దేశాల మధ్య యుద్ధం మొదలైంది. మా దగ్గర గింజలు కరువయ్యాయి. సర్కారు లెవీ అని కల్లాల మీదే ధాన్యం కొలుచుకుపోయేది. అంగడికి వచ్చే గంపలు బుట్టలయ్యాయి, బుట్టలు గిన్నెలయ్యాయి. నా చెయ్యి మాత్రం చిన్నది కాలేదు. గిన్నె తెచ్చినా గుత్తదారు లెక్కలో అది గంపే.

చిల్కూరు వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చేది. ఆ వారం ఆమె ముందున్న బుట్టలో నా చెయ్యి రెండుసార్లు ముంచితే అడుగు కనిపించేన్ని జొన్నలే ఉన్నాయి. నన్ను చూసి బుట్ట మీద బోర్లా పడుకుంది.

"కొడుకా, ఇవి అమ్మి ఉప్పు కొనాలె. నాలుగొద్దుల సంది చప్పిడి గట్క తాగుతున్నం. ఈ ఒక్క వారం ఇడ్సిపెట్టు" అంది.

"లే అవ్వా. గీ ముచ్చట్లు నా కాడ చెప్పకు" అన్నాను.

ఆమె లేవలేదు. గుత్తదారు అటు చివర నుంచి నన్ను చూస్తున్నాడు. ముసలమ్మ చెయ్యి పట్టి గుంజాను. ఎండుకట్టె లాంటి చెయ్యి. కోపంలో ఎంత బలం పెట్టానో నాకే తెలియదు. ఆమె గిర్రున తిరిగి పక్కనే ఉన్న బండి చక్రం ఇనుప పట్టీ మీద ముఖం కొట్టుకుని పడింది. లేచేసరికి నోరంతా నెత్తురు, ముందు పళ్లు నేల మీద. నేను అప్పటికే చారెడు జొన్నలు తీసి పట్టుకుని ఉన్నాను.

 ఆడవాళ్లు నా మీద పడ్డారు. మొదట కళ్లల్లో కారం పడింది. ఆ తర్వాత దేంతో కొడుతున్నారో కనిపించలేదు. తక్కెడ కట్టెలు, రాళ్లు, చెప్పులు. కొందరు కొరికారు. "నీ చెయ్యి ఇరుగ" అని ఒకామె నా వీపు మీద కూర్చుని గుద్దింది. గుత్పలవాళ్లు వచ్చి ఆడా మగా చూడకుండా తలలు పగలగొట్టారు. ఆ రోజు చేవెళ్ల అంగట్లో చిందిన జొన్నలను ఏరుకోవడానికి ఎవరూ ఆగలేదు.

మరునాడు ముప్పై మంది ఆడవాళ్లు నడిచి తహసీలు కచేరీకి పోయారు. ముసలమ్మ కొంగుకు కట్టుకున్న పళ్లు విప్పి తహసీల్దారు బల్ల మీద పెట్టిందట. ఆయన ఉర్దూలో ఏదో అన్నాడు, కచేరీ గుమాస్తా పేష్కారు తెలుగులో చెప్పాడు. ఆ వసూలు చేసే మనిషిని తీసుకురావాలి, కచేరీలోనే చారెడు తీయించి తూకం వేస్తారు. ఊళ్ల తనిఖీకి దౌరా పోతున్న సారు తిరిగి రాగానే, రెండు నెలలకు, విచారణ.

ఆ మాట విన్న మూడో రోజు మధ్యాహ్నం గుత్తదారు నన్ను తన గింజల కొట్టానికి పిలిచాడు. కల్లు పోయిస్తాడేమో అనుకున్నాను. లోపలికి పోగానే తలుపు వేశారు. నాతో పాటు అంగడంతా తిరిగిన ఆ ఇద్దరే నన్ను పడేసి, చెయ్యి చాపి, తిరగలి రాయి మీద అదిమి పట్టారు.

"నీ చెయ్యి నాకు బువ్వ పెట్టిందిరా. ఇప్పుడు అదే నన్ను ముంచుతది" అన్నాడు గుత్తదారు. చాలా మెల్లగా అన్నాడు, బాధ పడుతున్నవాడిలా.

అతను రోకలి అందుకున్నాడు. దాని చివర ఇనుప పొన్ను ఉంటుంది. మొదటి దెబ్బకు అరిచాను. రెండో దెబ్బకు బట్టల్లోనే ఉచ్చ పోసుకున్నాను. మూడో దెబ్బ నాకు గుర్తు లేదు. ఈ రాత ఎడమచేతిది. చిన్నప్పుడు చర్చి బళ్లో కుడిచేత్తో నేర్చుకున్న అక్షరాలను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

కళ్లు తెరిచేసరికి అతను పక్కన కూర్చుని ఉన్నాడు. "చిన్నప్పుడే బండి చక్రం కింద పడ్డదని చెప్పాలె. ఇంకో మాట అన్నవా, కాగితం మీ దొరకు పోతది. నువ్వు, నీ పెండ్లాం మళ్లా ఆడనే" అన్నాడు. రెండు నెలల్లో ఎముకలు వంకరగా అతుక్కున్నాయి. వాపు పోయింది. చూసేవాళ్లకు పాత అవిటితనంలాగే ఉంది.

కచేరీలో గుత్తదారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ అవిటివాడి మీద దయతోనే పని ఇచ్చానని, ఆడవాళ్లు పన్ను ఎగ్గొట్టడానికే లేనిపోనివి చెబుతున్నారని అన్నాడు. నేను బండి చక్రం మాట చెప్పాను. నా ముందు జొన్నల పళ్లెం పెట్టారు. తీశాను. వంగని వేళ్ల సందుల్లోంచి గింజలన్నీ జారిపోయాయి. తక్కెడలో పడ్డవి పిచ్చుకకు ఒక పూట తిండి.

ఆడవాళ్లు అబద్ధమని అరిచారు. తహసీల్దారు చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. నా చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత గుత్తదారును అడిగాడు.

"మొదటి నుంచి వసూలు చేసింది ఈ చెయ్యేనా?"

"ఇదే హుజూర్."

"ఇంతే తీసేదా?"

"గింతే హుజూర్. గింజ ఎక్కువ లేదు."

"సంతకం పెట్టు."

గుత్తదారు సంతోషంగా సంతకం పెట్టాడు. అప్పుడు తహసీల్దారు హుకుం రాయించాడు. ఈ అంగట్లో చారెడంటే ఇకమీదట ఇంతే. దీనికి సరిపడా రేకు కొలత చేయించి, సర్కారు ముద్ర కొట్టి, దాంతోనే వసూలు చేయాలి. పేష్కారు తెలుగులో చదివి వినిపిస్తుంటే గుత్తదారు ముఖం నల్లబడింది. ఆడవాళ్లకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఒక్కరూ నా వైపు చూడలేదు, నవ్వుకుంటూ పోయారు. నాకు మండిపోయింది. వాళ్ల నవ్వు కోసం నలిగింది నా చెయ్యి.

ఆరు నెలలకు ఆ తహసీల్దారు బదిలీ అయ్యాడు. గుత్తదారు అప్పటికే నష్టాల్లో మునిగి ఉన్నాడు. కొత్త సారుకు అర్జీ పెట్టుకున్నాడు. అప్పుడు పొరపాటున ఒప్పుకున్నానని, ఈ మనిషి చెయ్యి నిజానికి పెద్దదని, తన దగ్గర పనిలో ఉండగానే చితికిందని, ఆ రేకు కొలత రద్దు చేయాలని. కాని అతని సంతకం కాగితం మీద ఉంది. దాన్ని మార్చగలిగింది నా సాక్ష్యం ఒక్కటే.

నా గుడిసెకు వచ్చి అప్పు కాగితం మంచం మీద పెట్టాడు. పక్కన అగ్గిపెట్టె పెట్టాడు. "నిజం చెప్పు, గంతే. నీ చెయ్యి పెద్దగ ఉండె, తర్వాత ఇట్లయింది అను. కచేరీ బయటికి రాంగనే నీ చేత్తోనే కాలబెట్టుకో" అన్నాడు.

నిజమే అడుగుతున్నాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. అతను కాగితం మళ్లీ జేబులో పెట్టుకుని పోయాక నా భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది. తర్వాత అంది: "కాగితం కాలినంక మనం ఏం చేసుకొని బతుకుతం? నేను మిరపకాయలు అమ్ముకోవాలె. ఏ అంగట్ల అమ్మాలె? ఆ అంగట్లనే గద. మళ్లా పెద్ద చారెడొస్తే నా గంపల ఏం మిగులుతది?" 

కొత్త సారు నన్ను అడిగాడు. ఆడవాళ్లు గోడ పక్కన నిలబడి ఉన్నారు. ముసలమ్మ పై పెదవి లోపలికి పోయి ఉంది. గుత్తదారు తన జేబు మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నాడు.

"ఊహ తెలిసినప్పటి సంది నా చెయ్యి గిట్లనే ఉన్నది సర్కార్. నా చేతిల గింతే పడ్తది" అన్నాను.

గుత్తదారు సారు ముందే నా చెంప మీద కొట్టాడు. సాక్షిని కొట్టేవాడి మాట నమ్మేదేముందన్నట్టు కొత్త సారు రేకు కొలతే ఖాయం చేశాడు.

కచేరీ వెనక చింతచెట్ల కింద ఆ గుత్పలవాళ్లిద్దరూ నన్ను పట్టుకున్నారు. ఈసారి పక్కటెముకలు. నేను ఎదురు తిరగలేదు, తిరగడానికి చెయ్యి లేదు. కాగితం దొర దగ్గరికి పోతుందని, మాకు మళ్లీ ఆ గొడ్ల కొట్టం తప్పదని పడుకుని ఉండగానే తెలుసు. దొరలు ఊరు విడిచేదాకా అలాగే జరిగింది. భార్య ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

వాళ్లు పోయాక ముసలమ్మ ఒక్కతే వచ్చింది. కొంగులోంచి ఎండిన జొన్నరొట్టె తీసి నా ముందు పెట్టింది.

"నిన్ను మాఫ్ చెయ్యలే. ఈ జల్మల చెయ్య. తిను" అంది.

ఎడమచేత్తో తీసుకుని కొరికాను. ఆమె ఇక ఎప్పటికీ కొరకలేని రొట్టె అది. చివరి ముక్క మింగేదాకా నా నోటి వైపే చూస్తూ నిలబడింది.