ఇనాయతుల్లా మామ కౌంటరు

ఎదుటివాడి చేతిలో కాగితం కనిపిస్తే చాలు, ఇనాయతుల్లా మామకు దాన్ని తిప్పికొట్టాలనిపిస్తుంది. ఆయనకున్న జబ్బు అదొక్కటే. తక్కినదంతా బంగారం.

షార్జా రోలాలో మాది లాయరు ఆఫీసు. యజమాని వీరరాఘవరావు గారు. నేను టైపిస్టుని. మామ మందూబ్, అంటే మా ఫైళ్లు చంకన పెట్టుకుని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే ఉద్యోగి. ఇరవై రెండేళ్లుగా కౌంటర్ల అవతలి మొహాలు చూసీ చూసీ, ఏ ఫైలైనా మా గడప దాటకముందే తనే ఒక కౌంటరు తెరిచేవాడు. టేబులు వెనక కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, మన మొహం చూడకుండా చెయ్యి చాచేవాడు.

"సంతకం గీత దాటింది. రిజెక్ట్."

"గీత మీదే ఉంది కదా మామా!"

"ఆఫీసర్తో వాదించినావు. దానికింకో రిజెక్ట్."

రావు గారికీ మినహాయింపు లేదు. ఒకసారి ఆయన సొంత వీసా కాగితాలే నాలుగుసార్లు వెనక్కొచ్చాయి.

"ఏవండీ, ఈ ఆఫీసు నాదండీ!"

"ఉండొచ్చు సార్. ఫోటోలో మీ చెవులు కనపడ్లేదు."

ఇంట్లో హలీమాబీ అత్త కూరగాయల చీటీ రాసిస్తే, తేదీ లేదని తిరిగిచ్చేశాడట. ఆ పూట మామ అన్నం రాత్రిదాకా పెండింగులో పడింది. అయినా జబ్బు తగ్గలేదు.

2022లో అల్ కుసైస్ లేబర్ క్యాంపు నుంచి పోచన్న వచ్చాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. కరోనా ఏడాది పాత కంపెనీ మూతపడితే వేరేచోట చేరాడు. పాతవాళ్లేమో "పారిపోయాడు" అని ఫిర్యాదు పెట్టి చేతులు దులుపుకున్నారు. అది తీయిస్తే తప్ప ఊరికి వెళ్లలేడు. భార్య రేణుక కడుపుతో ఉండగా, సెలవు అయిపోయి ఇంటి నుంచి తిరిగొచ్చినవాడు. కూతురికి రెండేళ్లు నిండాయి, ఫోన్లో తప్ప పిల్లను చూడలేదు.

అతని తరఫున రావు గారు అర్జీ పెట్టాలంటే వకాల్తా కావాలి. వకాల్తాను నోటరీ ఒప్పుకోవాలి. కరోనా పుణ్యమా అని నోటరీ పని వీడియో కాల్‌లోకి వచ్చేసింది. సంతకం చేసేవాడు గదిలో ఒంటరిగా ఉండాలి. పోచన్నను లోపలి గదిలో కూర్చోబెట్టి, మేం తలుపుకు చెవులు ఆనించాం.

"ఈ అధికారం మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" నోటరీ హిందీలో అడిగాడు.

పోచన్న తన క్యాంపు హిందీలో చెప్పిన జవాబు తెలుగులో ఇదీ: "నాదేమున్నది సార్. మీరెట్లంటె అట్ల."

"నేననడం కాదు. మీ ఇష్టమేనా?"

"పెద్దోళ్లు, మీ దయ సార్. మీరు వద్దంటె వద్దు."

ఖలాస్. సొంత ఇష్టం ఉన్నట్టు లేదని కాల్ కట్టేశారు. రెండోసారీ అదే జవాబు. పైగా మర్యాదకు లేచి నిలబడ్డాడు, నోటరీకి చొక్కా గుండీలు మాత్రమే కనిపించాయి.

"నోటరీ తప్పేం లేదండీ," అన్నారు రావు గారు. "ఎవరో బెదిరించి రాయించుకుంటున్నారని అనుమానం. మూడోసారీ ఇంతే అయితే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

పోచన్న నేల చూపులు చూస్తున్నాడు. మామ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఆదివారం నీ రూముకొస్తా పోచన్నా. యాడికీ పోవాకు."

చూద్దామని నేనూ వెంట వెళ్లాను. క్యాంపు గేటు దాటామో లేదో ఎవడో కేకేశాడు: "సాబ్ అచ్చిండు! కాయిదాలు తియ్యుండ్రి!" మంచాల కింది సంచుల్లోంచి పాస్‌పోర్టులు, దరఖాస్తులు బయటికొచ్చి వరస కట్టాయి. మామ ఒక బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని, కళ్లద్దాలు జార్చాడు. రిజెక్ట్, రిజెక్ట్, రిజెక్ట్! సెలవురోజుల్లో చెల్లెలింటికి వెళ్తున్నానని మాతో చెప్పేది ఇందుకన్నమాట.

"ఎన్నేళ్లుగా మామా?"

"ఏమో, ఎవడు లెక్కబెట్నాడు! ఆడ కౌంటర్ కాడ కాదన్నారంటే వీళ్లకు ఇంకో దినం లీవు దొరకదప్పా. నేను కాదంటే ఏముంది? నాలుగు తిట్లు తిట్టుకుని, కాగితం సరిచేసుకుని వస్తారు."

ఆ తర్వాత పోచన్న వంతు.

"టీ తాగుతావా?"

"మీ ఇష్టం సాబ్."

"రిజెక్ట్. మళ్లా అడుగుతాండా. తాగుతావా?"

"పోస్తె తాగుత."

"రిజెక్ట్! చక్కెర ఎంత?"

"ఎంతేసినా మంచిదే సాబ్."

మామ మూడు చెంచాలు వేశాడు. పోచన్న తాగాడు. ఇంకో కప్పు, నాలుగు చెంచాలు. అదీ తాగాడు. అయిదో కప్పుకు చెంచా నిలబడేలా ఉంది. గదిలో వాళ్లంతా పనులు మానేసి చూస్తున్నారు. పోచన్న చెమటలు తుడుచుకుని, కప్పు ఠక్కున కింద పెట్టాడు.

"నాకు సక్కెర వద్దు సాబ్! సయించదు! ఎనిమిదేండ్ల సంది తీపి చాయ తాగలేక సస్తున్న, ఒక్కడు అడగలే!"

మామ బకెట్టు మీంచి ఎగిరి లేచాడు. "అప్రూవ్డ్! ఇదే గొంతుతో చెప్పాల!"

మూడో కాల్ రోజు మళ్లీ తలుపుకు చెవులు ఆనించాం.

"మీ ఇష్టమేనా?"

"నా ఇష్టమే సార్. ఎవ్వలు చెప్పలే."

"దీన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. తెలుసా?"

"ఎర్కే సార్. లాయర్ సాబ్ ఆలస్యం జేస్తె రద్దు జేస్త."

రావు గారు కాలరు సర్దుకున్నారు. నోటరీ ఒప్పుకున్నాడు.

రద్దు భయమో ఏమో, ఆరు వారాల్లో ఫిర్యాదు పోయింది. ప్రయాణం ముందురోజు పోచన్న చెప్పిపోవడానికి వచ్చాడు. మామ అప్పటికే టేబులు వెనక సిద్ధం.

"కూచో. నేను ఎయిర్‌పోర్టు ఆఫీసర్ని. పాస్‌పోర్టియ్యి."

పోచన్న పాస్‌పోర్టు తీశాడు. ఒకసారి చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇయ్య సాబ్. ఇయ్యాల తాలీమ్ వద్దు. బిడ్డకు బొమ్మ కొనాలె, పొద్దువోతంది."

చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆ కౌంటరును కాదన్నవాడు ఇతనొక్కడే. మామ మొహం మాత్రం విచ్చుకుంది.

"ఏం బొమ్మ కొంటావు?"

"నా ఇష్టం," అన్నాడు పోచన్న మెట్లు దిగుతూ.