నలభై ఏడో సంచి

ఈయనను మా ప్రయోగశాలలో అందరూ సీలు బాబాయి అంటారు. వయసు యాభై నాలుగు. ఎరువుల నమూనాల గది ఈయన బాధ్యతలో ఉన్నది. నేను ఇదే కార్యాలయంలో ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసే గుమాస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఈయనను ఎరుగుదును.

వచ్చిన ఎరువును మూడు భాగాలు చేస్తారు. ఒకటి పరీక్షకు, ఒకటి అమ్మినవారికి. మూడోదాన్ని గుడ్డసంచిలో కట్టి, లక్కసీలు వేసి, ఫలితంపై తగాదా వస్తే తీయడానికి బీరువాలో ఉంచుతారు. తగాదా తేలాలి, లేదా మరొకరు సంతకం చేసి తాళం తీసుకోవాలి. అంతవరకు బాబాయే కాపలా. ఇప్పుడు బీరువాలో అరవై రెండు సంచులున్నాయి. అన్నిటికన్నా పాతదానికి పదకొండేళ్లు.

ఆ గదికి ఒకటే కిటికీ. చెమ్మ రాకూడదని దానికి మేకులు కొట్టేశారు. లోపల ఘాటుకు కళ్లు మండుతాయి. మొదట్లో బాబాయి తుమ్మేవారు, తరువాత దగ్గేవారు, ఇప్పుడు మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. ఆ గది వదలకపోతే ఊపిరితిత్తులు కోలుకోవని వైద్యుడు రాసి ఇచ్చారు. ఆవరణకు అవతల, నలభై అడుగుల దూరంలో, మట్టి పరీక్షల గది ఉన్నది. అక్కడ నాలుగు కిటికీలు, ఒక ఖాళీ కుర్చీ. అక్కడికి మార్చమని ఆయన పెట్టుకున్న అర్జీలు ఐదూ నా చేతిరాతవే. "బీరువా అప్పగించిన పిదప పరిశీలించబడును" అని ఐదింటికీ ఒకటే జవాబు. వాటికి శుద్ధప్రతులు రాసిందీ నేనే.

ఒకసారి మందులు ఇవ్వడానికి వచ్చిన ఆయన భార్య నాతో అన్నారు: "అన్నయ్యగారూ, ఈయన పెళ్లి చేసుకున్నది నన్నా, ఆ బీరువానా? తాళంచెవి తలగడ కింద పెట్టుకుంటారు. నేను కనబడకపోయినా అడగరు గానీ, అది కాస్త పక్కకి జరిగితే ఇల్లంతా లేపేస్తారు."

గత నెల అప్పగింతకు కొత్త ఉద్యోగిని వచ్చారు. ఇద్దరూ ఒక్కో సంచీ తీసి సీలు చూస్తూ పోయారు. నలభై ఏడో సంచి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. లోపలి యూరియా చెమ్మ పీల్చి ఉబ్బి, లక్క నిలువునా బీటలు వారి ఉన్నది. దానికి సంతకం పెడితే నేరం తన మెడకు చుట్టుకుంటుందని ఆమె కలం మూసేశారు. ఆమెను తప్పుపట్టలేము.

పర్యవేక్షకులు బాబాయిని పక్కకు పిలిచారు. నేను అక్కడే కాగితాలు సర్దుతున్నాను.

"ఇత్తడి ముద్ర నీ సొరుగులోనే ఉందిగా బాబాయ్. కాస్త లక్క కరిగించు. ఐదు నిమిషాల పని. రేపే వెళ్లి ఆ కిటికీ పక్కన కూర్చో."

బాబాయి ఊపిరి కూడదీసుకున్నారు. "ఇప్పుడొక దొంగ ముద్ర వేస్తే, మిగతా అరవై ఒకటీ ఎవరు నమ్ముతారండీ?"

"అయితే వాటితోనే ఉండు," అన్నారు పర్యవేక్షకులు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

బాబాయి బీరువాకు తాళం వేసి, ఒకసారి లాగి చూసి, తన బల్ల దగ్గరకు వెళ్లారు.

కావున పై అధికారులకు నా మనవి: నలభై ఏడో సంచి సీలు చెమ్మ వల్ల బీటలు వారినదని ఉన్నది ఉన్నట్టు నమోదు చేయించి, తాళం తీసుకొనే ఉద్యోగినికి ఆ విషయంలో బాధ్యత లేదని రాతపూర్వకంగా తెలియజేసి, బాబాయిని ఆ గది నుండి విడుదల చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. సాక్షి సంతకం అవసరమైతే నాది స్వీకరించగలరు. అంతవరకు మట్టి పరీక్షల గదిలోని కుర్చీని మరొకరికి కేటాయించవద్దని కూడా సవినయంగా కోరుతున్నాను.