ముందు కొమ్ములు, వెనక కొండ

ఎవరైనా త్రీడీ కళ్లద్దాలు చేతికిస్తే నేను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోతాను. తలనొప్పి వస్తుందని చెబుతాను. తలనొప్పీ లేదు, తలకాయా లేదు. సిగ్గు. మా ఇంట్లోవాళ్లు దీన్ని నా చాదస్తాల జాబితాలో ఎప్పుడో వేసేశారు, నేనూ దిద్దలేదు.

డెబ్బైల చివర్లో మేం ఇస్నాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. నాన్న కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ పోయే క్రేన్ అది. ఆయన పైన చిన్న గదిలో కూర్చుని మీటలు తిప్పితే, కొక్కేనికి వేలాడే ఇనప దిమ్మ కిందకు దిగేది. మా పక్కింటి చాచా అదే షెడ్డులో కింద నిలబడి, దిమ్మలకు గొలుసులు తగిలించి, ఎంత దించాలో చేత్తో సైగ చేసేవాడు. ఇద్దరూ సైకిళ్ల మీద ఒకే షిఫ్టుకు వెళ్లేవాళ్లు. చాచా కూతురిదీ నాదీ ఒకే తరగతి, ఒకే బెంచీ.

ఆ ఏడాది ఆ పిల్ల మేనమామ హజ్ నుంచి వస్తూ బొమ్మలు చూసే డబ్బా ఒకటి తెచ్చాడు. ప్లాస్టిక్‌ది. ఒకవైపు రెండు కళ్లకూ రెండు రంధ్రాలు, ఎదురువైపు వెలుతురు రావడానికి పాలరంగు కిటికీలు రెండు. మధ్యలో గుండ్రటి అట్ట దూర్చి పక్క మీట నొక్కితే బొమ్మ మారేది. ఒక అట్ట నిండా మక్కా, ఇంకో అట్ట నిండా అడవి జంతువులు. మొదటిసారి పెట్టుకున్నప్పుడు జింక కొమ్ములు నా మొహం మీదికే వచ్చాయి. తల వెనక్కి లాక్కుని, వాటిని పట్టుకుందామని చెయ్యి చాపాను. చాచీ పడీ పడీ నవ్వింది. ఆ వారం మా వీధి వీధంతా వంతులేసుకుని వచ్చి అలాగే తల వెనక్కి లాక్కుని వెళ్లింది.

ఒక సాయంత్రం నన్ను పిలవడానికి వచ్చిన నాన్న చేతిలో కూడా చాచీ ఆ డబ్బా పెట్టింది. నాన్న చూశాడు. మీట నొక్కి ఇంకో బొమ్మ చూశాడు. "రంగులు బాగున్నాయమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు.

"ఏంది అన్నా, గంతేనా? అందరు కొమ్ములు పట్టుకోనీకి చేతులు జాపిన్రు, మీరేమో క్యాలెండర్ సూసినట్టు సూస్తున్రు" అంది చాచీ. "ఐతారం మా ఆయన ఇంట్ల ఉంటడు. అప్పుడొచ్చి నిమ్మళంగ సూడుండ్రి."

నాన్న మొహం పాలిపోయింది. ఇంటికొచ్చాక వంటింటి తలుపు దగ్గరగా వేసి, "అమ్మలూ, అందులో అందరికీ ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు. కొమ్ములు ముందుకొస్తాయనీ, కొండ ఎక్కడో వెనక ఉంటుందనీ చెప్పాను. ఆయన వింటూ ఎడమ కన్ను రుద్దుకున్నాడు. ఆ కంటికి చూపు పోయి చాలా కాలమైందట. అమ్మకు తెలుసు, నాకే తెలియదు. పైకి కన్ను మామూలుగానే ఉండేది. ఫ్యాక్టరీలో ఏటా కంటి పరీక్ష చేసేవాళ్లు. ఒక కన్ను మూయమంటే కుడిచేత్తో ఎడమ కన్ను మూసేవాడు, రెండోది మూయమంటే ఎడమచేత్తో మళ్లీ ఎడమ కన్నే మూసేవాడు. చెయ్యి మారేది, కన్ను మారేది కాదు. వరసలో వెనక ఇంకా అంతమంది ఉండగా ఆ సంగతి ఎవరు పట్టించుకుంటారు?

"తెలిస్తే క్రేన్ మీంచి దింపేస్తారమ్మా. పనిలో ఉంచుతారో లేదో కూడా తెలీదు" అన్నాడు. "ఒంటి కంటికి దూరం సరిగ్గా తెలీదు. అలవాటు మీద లాక్కొస్తున్నాను."

ఆ చివరి మాట నా చెవిన పడింది. కానీ నా బుర్రకెక్కింది మాత్రం మొదటి మాటే.

అందుకని ఆదివారానికి నాన్నను తయారుచేశాను. బడి నుంచి రాగానే పక్కింటికి పోయి బొమ్మలన్నీ వరసగా చూసేదాన్ని, ఇంటికొచ్చి ఎక్కాలు అప్పజెప్పించినట్టు ఆయన చేత చెప్పించేదాన్ని. జింక బొమ్మలో ముందు కొమ్ములు, వెనక కొండ. ఏనుగు బొమ్మలో ముందు తొండం, వెనక వాగు. కొమ్ముల దగ్గర తల వెనక్కి లాక్కోమన్నదీ నేనే. ఆయన లాక్కుంటే, "మరీ అంత కాదు నాన్నా" అని దిద్దాను. ఆ వారమంతా నాకు భలే సరదాగా గడిచింది. ఆ సరదా గుర్తొస్తే ఇప్పటికీ నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

శుక్రవారం చాచావాళ్లు పెళ్లికని సంగారెడ్డి పోయి ఆదివారం పొద్దున్నే వచ్చారు. డబ్బా వాళ్ల కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. మేం వెళ్లేసరికి చాచా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఈ గండం త్వరగా గట్టెక్కాలనే తొందరలో నాన్న తనే డబ్బా తీసి, చాచాకు ఎదురుగా నిలబడి కళ్లకు పెట్టుకున్నాడు.

"అబ్బో, కొమ్ములు మొహం మీదికొచ్చేస్తున్నాయి భాయ్" అంటూ తల వెనక్కి లాక్కున్నాడు. నేను నేర్పినట్టే, మరీ అంత కాకుండా. చెయ్యి కూడా చాపాడు.

అప్పుడు చూశాను. డబ్బా ఎదురువైపు, ఆయన ఎడమ కంటి ముందున్న పాలరంగు కిటికీ మీద కందిరీగ మట్టిగూడు కట్టింది. ఆ కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. రెండు కళ్లూ ఉన్నవాళ్లెవరైనా పెట్టుకోగానే, ఒకపక్క చీకటిగా ఉందేమిటని డబ్బా దించేస్తారు. నాన్నకు ఆ పక్క ఎప్పుడూ చీకటే. "కొండ చూడండి, ఎంత దూరాన ఉందో" అని అప్పజెబుతూనే ఉన్నాడు. చాచా చూపు ఆ మట్టి మీదే ఉంది. ఆయన నవ్వలేదు. మెల్లగా నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను, దాంతో మిగిలింది కూడా ఆయనకు అర్థమైపోయి ఉంటుంది.

నాన్న చేతిలోంచి డబ్బా అందుకుని చాచా ఆ మట్టిని గోటితో గీరాడు. నాన్న అది చూశాడు.

"అన్నా, చాయ్ తాగుండ్రి. సల్లగైతది" అన్నాడు చాచా. చాయ్ తాగి మేం ఇంటికొచ్చేశాం.

మర్నాడు నాన్న షిఫ్టు సగంలోనే ఇంటికొచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏమైందని అమ్మ కంగారు పడింది.

"భాయ్ రోజూలాగే వచ్చి కింద నిలబడ్డాడే. దిమ్మ కొక్కేనికి వేలాడుతోంది. నా వైపు చూసి, దించమని చెయ్యి ఊపాడు. నాకు చెయ్యి ఆడలేదు."

దిమ్మను అలాగే ఆపేసి, నిచ్చెన దిగి, కన్ను సంగతి సూపర్‌వైజర్‌తో తనే చెప్పేశాడట. ఆయన నలుగురి ముందూ నానా మాటలూ అని, పిలిచేదాకా రావద్దని పంపేశాడట.

నేను వంటింటి గడప దగ్గరే నిలబడిపోయాను. చాచా కింద ఉంటాడని నాకు తెలియనిదా? వాళ్ల పిల్ల పక్కన కూర్చుని, వాళ్ల డబ్బాలోనే చూసి, వాళ్ల నాన్న నెత్తి మీద ఇనుము దించడానికి మా నాన్నకు అబద్ధం నేర్పాను. అన్ని రోజుల్లో ఒక్కసారైనా ఆయన తలకాయ నాకు గుర్తు రాలేదు. సిగ్గుతో ఒళ్లంతా ముడుచుకుపోయింది.

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "అన్నీ తెలిసీ కింద ఎందుకు నిలబడ్డాడండీ?" అంది.

నాన్న పక్కింటి గోడకేసి చూశాడు.

"నేను దించననుకున్నాడే" అన్నాడు.