ఉమ్మడి తిమ్మప్ప విన్న తప్పెట

అది 2008. బళ్లారి కౌల్ బజార్‌లో ఒక చెప్పుల అంగడి పక్క మెట్లెక్కితే పై అంతస్తులో చెవుల పరీక్ష చేసే క్లినిక్ ఉండేది. అక్కడ ఆడియాలజిస్టుగా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం, మా వంశంలో మొదటి డిగ్రీ కూడా నాదే. కుడతిని కరెంటు ప్లాంటులో బూడిద పైపుల దగ్గర పనిచేసే మా నాయన బస్సెక్కి వచ్చి, రోడ్డు అవతల నిలబడి, బోర్డు మీద నా పేరూ దాని వెనక అక్షరాలూ చదువుకొని, పైకి రాకుండానే తిరిగి వెళ్లిపోయాడట. ఆదివారం చర్చి బయట మాత్రం కనబడినవాళ్లందరికీ చెప్పాడు, "మా పాప చెవుల డాక్టరప్పా" అని. డాక్టరు కాదు నాయనా అంటే వినేవాడు కాదు.

అంత సంతోషంలో ఉన్న నా దగ్గరికి ఆ కేసు వచ్చింది. ఇన్నేళ్లలో వేలమంది చెవులు చూశాను. కొత్తగా ఈ చదువులోకి వచ్చే పిల్లలు "మీకు బాగా గుర్తున్న పేషెంటు ఎవరు మేడమ్?" అని అడిగితే నా నోట మొదట వచ్చే పేరు ఉమ్మడి తిమ్మప్పదే.

ఆ కాలం బళ్లారి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పగలూ రాత్రీ ఖనిజం లారీలే. పరీక్ష గదికి నాలుగు వైపులా శబ్దం రాకుండా మెత్తటి పలకలు కొట్టించాం. శబ్దం ఆగేది కానీ ఎర్ర దుమ్ము ఆగేది కాదు. హెడ్‌ఫోన్ దిండ్లు తుడిస్తే గుడ్డ ఇటుక రంగుకు తిరిగేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గనుల్లో డ్రిల్లింగ్ చేసేవాళ్లు, లారీ డ్రైవర్లు. ఎనభై దాటిన ఒక రాజకీయ నాయకుడు ఆ మెట్లెక్కి రావడం అదే మొదలు.

అరవై దాటిన కూతురు సరోజక్క ఆయన్ని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఆయన తెల్ల పంచె అంచు కూడా ఎర్రబడి ఉంది.

"ఈయప్ప ఎవరో తెలుసునా పాపా? ఉమ్మడి తిమ్మప్ప," అంది సరోజక్క.

పేరు మా నాయన నోట విన్నదే. యాభై మూడులో బళ్లారి జిల్లాను భాషల లెక్కన పంచినప్పుడు, కొన్ని తాలూకాలు ఆంధ్రకు, కొన్ని అప్పటి మైసూరుకు పోయాయి. వద్దు, జిల్లాను ముక్కలు చేయవద్దు, ఏ పక్కకైనా పోనీండి గానీ అందర్నీ కలిపే పంపండి అని తిరిగినవాడు తిమ్మప్ప, అందుకే ఉమ్మడి తిమ్మప్ప. అటువాళ్లకూ కానివాడయ్యాడు, ఇటువాళ్లకూ కానివాడయ్యాడు. గీత పడింది. ఆ తర్వాత కూడా ప్రతి ఎన్నికలోనూ అదే మాట మీద నిలబడ్డాడు. ఒక వాక్యం తెలుగులో, దాని వెంట ఒక వాక్యం కన్నడలో, అట్లా సాగేది ఉపన్యాసం. జనం విరగబడి వచ్చేవాళ్లు. ఓటు మాత్రం ఇంకెవరికో వేసేవాళ్లు. ఒక్కసారి తాలూకా బోర్డుకు గెలిచాడు, అంతే.

ఆ తొలి రోజుల్లో ఆయన సైకిలు తోసుకుంటూ ఊళ్లోకి వస్తుంటే ముందు దేవదానం అనే ఆయన తప్పెట కొట్టుకుంటూ నడిచేవాడట. ఇద్దరిదీ సరిహద్దు మీద ఉన్న బండమీదిపల్లె. దేవదానం మా మిషను సంఘం మనిషే. చనిపోయి చాలా ఏళ్లయింది.

"ఏంది కష్టం?" అని అడిగాను.

"చెవులు పాయె. అది సరే, ముసలితనం," అంది సరోజక్క. గొంతు తగ్గించి, "ఒంటరిగా కూచొని ఏందో వింటాంటాడు పాపా. దేవదానం తప్పెట కొడతాండాడంట. పొద్దున్నుంచి అదే మాట. నాకు భయమైతాండాది."

పరీక్ష సులభమే. పేషెంటును గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడతాం. చేతికి ఒక మీట ఇస్తాం. ప్యూర్ టోన్ అంటే ఒకే స్థాయి సన్న శబ్దం పంపుతాం. వినబడితే మీట నొక్కాలి. మేము అద్దం ఇవతల కూర్చొని గుర్తులు పెట్టుకుంటాం. శబ్దం పంపకుండానే నొక్కితే దాన్ని ఫాల్స్ పాజిటివ్ అంటాం, అంటే ఉత్తుత్తి జవాబు. కంగారు పడేవాళ్లు అట్లా నొక్కుతుంటారు. వాటిని లెక్కలోంచి తీసేయమని కాలేజీలో నేర్పించారు.

తిమ్మప్ప నేను పంపిన శబ్దాలకు దాదాపు ఏదీ నొక్కలేదు. చెవి అంత పోయింది. సరే, బోన్ కండక్షన్ చూద్దామనుకున్నాను. చెవి వెనక ఎముకకు ఒక చిన్న యంత్రం ఆనించి, ఎముక ద్వారా శబ్దం లోపలికి పోతుందా అని చూడడం అది. యంత్రం పెట్టి, తలుపు మూసి, నా కుర్చీలో కూర్చున్నాను. ఇంకా ఏదీ ఆన్ చేయలేదు.

ఎదురుగా చిన్న ఎర్ర బల్బు వెలిగింది. ఆయన మీట నొక్కాడన్నమాట. మళ్లీ వెలిగింది. రెండు గట్టిగా, నిలకడగా. ఒక విరామం. తర్వాత మూడు చిన్నవి, వెంటవెంటనే. మళ్లీ రెండు. విరామం. మూడు. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. వేలు ఒక్కటే కదులుతోంది. కంగారుపడే మనిషి వేలు అట్లా కదలదు. నా వెనక నిలబడ్డ సరోజక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదే పాపా. ఇదే కొట్టుడు. మా చిన్నప్పుడు ఇది వినపడితే అప్ప ఊర్లోకి వస్తాండాడని పరిగెత్తిపోతా ఉంటిమి."

తలుపు తీసి, ఆయన కుడి చెవిలో నోరు పెట్టి గట్టిగా అడిగాను, "తాతా, ఏం వినపడుతోంది?"

"దేవదానం," అన్నాడు ఆయన మామూలుగా. "యాడికో పిలుస్తాండాడు. కిందనుంచి కొడతాండాడు పాపా. నేల కిందనుంచి."

చెవి బాగా పోయినవాళ్లకు మెదడు తానే పాత శబ్దాలను తయారుచేసుకోవడం మా శాస్త్రంలో ఉన్నదే. అది పిచ్చి కాదు. ఆ మాటే సరోజక్కకు చెప్పాను. అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది.

బండమీదిపల్లె కొండ వాలులో మిషను సంఘం సమాధులు ఉన్నాయి. వాటికి కొంచెం పైన రాష్ట్రాల సరిహద్దు రాయి ఉండేది. రాయి అవతల ఆంధ్ర, అక్కడ ఒక గని. రాయి ఇవతల కర్ణాటక, సమాధులు. ఒక పొద్దున లేచి చూస్తే రాయి లేదు. వాలంతా యంత్రంతో గీకేసి ఉంది. సరిహద్దు సమాధులకు దిగువన పోతుంది, ఆ నేల కూడా మాదే అని గనివాళ్లు అంటున్నారు. రెండు పక్కల సర్వేవాళ్లూ కలిసి కొలవడానికి వస్తున్నారు. రాయి పాతిన రోజు అక్కడ ఉన్నవాళ్లలో బతికి ఉన్నది తిమ్మప్ప ఒక్కడే. ఆయన మాట నిలబడకపోతే సమాధులన్నీ తవ్వేస్తారు. దేవదానం సమాధితో సహా.

"చెవుడు, దానికితోడు చచ్చినోళ్ల సద్దు వింటాడు. ఈయప్ప మాట ఎవరు నమ్ముతారు పాపా?"

మర్నాడు గని తరపున నాగేంద్ర అనే ఆయన వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు.

"మేడమ్, ముసలాయనకు దిమాగ్ సరిగా లేదని ఒక మాట రాసిస్తే సాకు, అంతే చాలు. సుమ్నే, ఊరికే ఎండలో కొండ ఎక్కించేదెందుకు, పాపం?"

"నేను చూసేది చెవులు సార్. చెవి పోయింది, మతి పోలేదు. అదే రాస్తాను."

"కొత్తగా చదువుకొని వచ్చినారు కదా," అని నవ్వి లేచాడు.

సర్వే రోజున నేను కూడా వెళ్లాను. ఆయన చెవికి కొత్త హియరింగ్ ఎయిడ్ అమర్చి, సర్వేవాళ్ల ప్రశ్నలు ఆయనకు వినబడేటట్టు చేయడం నా పని. ఎంత హుషారుగా వెళ్లానో చెప్పలేను. నా చదువు ఒక ఊరికి పనికొస్తోంది కదా!

పట్టపగలు. కొలతల కోసం ఆ రోజు గనిలో పేలుళ్లు ఆపించారు, లారీలు లేవు. అంత నిశ్శబ్దం నేను బళ్లారి జిల్లాలో ఎప్పుడూ ఎరగను. కొండ సగం కోసేసి ఉంది. కోసిన ముఖం పచ్చిగా, ఎర్రగా. చెట్టు లేదు, పక్షి లేదు. సమాధుల మీద సిలువలు కూడా ఎర్ర దుమ్ము పట్టి ఒకే రంగులో ఉన్నాయి. గాలి వీస్తున్నా ఏదీ కదలడం లేదు, కదలడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

చెవి మిషన్ పెట్టి ఆన్ చేశాను. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"వినపడుతోందా తాతా?"

"ఊ. గాలి. నీ గొంతు." అటూ ఇటూ తల తిప్పాడు. ముఖం పాలిపోయింది. "వాడు ఆపినాడే."

"ఎవరు?"

"దేవదానం. కొట్టేది ఆపినాడు పాపా."

మిషన్ పెట్టాక బయటి శబ్దాలు లోపలికి పోతే మెదడు తయారుచేసుకున్న శబ్దాలు తగ్గుతాయి. పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. నేను మురిసిపోవాలి. సర్వేయరు అడిగాడు, "పెద్దాయనా, రాయి యాడ ఉండె?" తిమ్మప్ప గీకేసిన వాలును చూశాడు. అంతా ఒకటే ఎరుపు. ఆనవాలు ఒక్కటీ లేదు.

"తెలీలేదప్పా," అన్నాడు మెల్లగా.

నాగేంద్ర సర్వేయరు వైపు చూసి, "ఆయ్తు కదా సార్, అయిపోయింది," అన్నాడు. సమాధుల దగ్గర నిలబడ్డ మా సంఘం ఆడవాళ్లలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. ఆ ఏడుపు ఆయనకు వినబడింది, నేను పెట్టిన మిషన్ వల్లే. తిమ్మప్ప నా వైపు తిరిగాడు.

"తీసెయ్ పాపా ఇది."

"తాతా, అది లేకపోతే మీకేం..."

"తీసెయ్ మా. వాడు పిలిస్తేనే నాకు దోవ."

తీసేశాను. నా చేత్తో నేనే ఆయన్ని మళ్లీ చెవిటివాణ్ని చేశాను. ఆయన చెప్పులు విడిచాడు. కళ్లు మూసుకొని నిలబడ్డాడు. కాసేపటికి కుడిచేతి వేలు తొడ మీద కదిలింది. రెండు గట్టిగా. విరామం. మూడు చిన్నవి. ఆయన నడిచాడు. వాలుకు అడ్డంగా, ఎవరో చెయ్యి పట్టుకొని నడిపిస్తున్నట్టు. ఒకచోట దారి తప్పి ఆగాడు, వేలు ఆగింది. వెనక్కి రెండడుగులు వేశాడు, వేలు మళ్లీ మొదలైంది. ఈసారి నాగేంద్ర నవ్వలేదు.

"ఈడనే," అన్నాడు తెలుగులో. తర్వాత, ఉపన్యాసంలో మాదిరే, అదే మాట కన్నడలో, "ఇల్లే."

సర్వేయరు గడ్డపారతో తవ్వించాడు. సరిహద్దు రాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గు పోయడం పాత పద్ధతి అట. రాయిని పీకేసినా బొగ్గు మట్టిలో కలవదు. మోకాలి లోతు తవ్వగానే ఎర్రమట్టిలో నల్లటి చార కనబడింది. బొగ్గు. ఆడవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. పార ఇంకో దెబ్బ పడేసరికి ఇనుము మోగింది. బొగ్గు మధ్యలోంచి ఒక గుండ్రటి కట్టు పైకొచ్చింది. తుప్పు పట్టి, ఆ మట్టి రంగులోనే ఉంది. తోలు ఎప్పుడో పోయింది. అది తప్పెట కట్టు.

సరోజక్క నా భుజం పట్టుకుంది. రాయి పాతిన రోజు నుంచి దేవదానం మళ్లీ తప్పెట పట్టలేదనీ, అడిగితే "యాడనో పాయె" అనేవాడనీ ఆమె చెప్పింది. ఆ తర్వాతి ఎన్నికలన్నిటికీ తిమ్మప్ప ముందర ఒట్టి చేతులతో నడిచాడట.

తిమ్మప్ప ఆ కట్టును రెండు చేతులా తీసుకున్నాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"నాకు చెప్పలే," అన్నాడు. "నాకే చెప్పలే వీడు."

కాళ్లు నేలకు ఆనించి కాసేపు చూసి, "ఆగింది," అన్నాడు. తర్వాత ఎవరితోనో కాదు, ఆ కట్టుతోనే మాట్లాడుతున్నట్టు, "ఈ గీత వద్దని బతుకంతా తిరిగినోన్ని. దాన్ని నా వేలితో చూపించేట్టు చేస్తివి కదరా. మనుషుల్ని కలపమంటిమి గానీ, సమాధుల్ని లారీలకెత్తమంటిమా?"

సర్వేయరు అక్కడ గుర్తు పెట్టించాడు. సమాధుల వైపు యంత్రం రాలేదు. ఇప్పుడు వెళ్లి చూస్తే చుట్టూ కొండ లేదు. గోడల్లా కోసేసిన గుంటల పక్కన ఆ చిన్న వాలు ఒక్కటే, సిలువలతో, మిగిలి ఉంది.

కొన్ని వారాల తర్వాత తిమ్మప్ప మళ్లీ పరీక్షకు వచ్చాడు. గదిలో కూర్చోబెట్టి, ఏదీ పంపకుండా అద్దం ఇవతల కూర్చున్నాను. బల్బు వెలగలేదు. ఆయన వేలు మీట మీదే ఉంది, నొక్కడానికి సిద్ధంగా, కదలకుండా. తలుపు తీశాను.

"ఏం లేదు పాపా. ఖాళీగా ఉండాది," అన్నాడు.

రిపోర్టు ప్రకారం అది మంచి ఫలితం. అట్లాగే రాశాను. ఆయన ముఖం చూస్తే మాత్రం ఆ మాట పైకి అనలేకపోయాను.

బొగ్గు చోటు ఆయన కాళ్లకు గుర్తుండి ఉండవచ్చు. దానికి నా దగ్గర జవాబు ఉంది. తప్పెట సంగతికి లేదు. ఉందని నటించడం మానుకున్నాను. ఈ కేసు నాకు నేర్పింది అదే. ఇప్పటికీ ఏ పేషెంటుకైనా మొదటి శబ్దం పంపే ముందు కొంచెంసేపు చేతులు కట్టుకొని కూర్చుంటాను. నేను ఏమీ పంపని ఆ కాసేపట్లో బల్బు వెలిగితే ఉత్తుత్తి జవాబని కొట్టేయను. లేచి, తలుపు తీసి, ఎవరు పిలుస్తున్నారని అడుగుతాను.