అమ్మ పేరు అడిగిన ఫోను

బయూమీ ఇస్త్రీ చేసిన చొక్కా మడత మీద దోమ వాలితే రెండు ముక్కలవుతుందని కైరోలో, షుబ్రా పేట మొత్తం చెప్పుకుంటుంది. అది అబద్ధం. తెగేది ఈగ. అంతటి పనివాడికి మోకాళ్లు మాత్రం మూలకు చేరాయి. పొద్దస్తమానం నిలబడి సందులో అందరి బట్టలకూ ముడతలు తీసి, తను నలిగిపోయాడు. వేసవిలో సీవా ఎడారికి పోయి, మెడదాకా వేడి ఇసుకలో పాతించుకుంటే మోకాళ్లు దారికొస్తాయని ఆశ. దానికోసం కూడబెట్టిందంతా ఫోను వాలెట్లో ఉంది.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. చేతులు రెండూ పనిలో ఉన్నాయి గనక మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"హాజీ గారూ, వాలెట్ కంపెనీ నుంచండీ. మీ ఖాతా ఈ సాయంత్రం మూసుకుపోతోంది. కంగారు పడకండి, నేనే సరిచేస్తా. ఆవిరి చప్పుడు వినబడుతోంది, నిలబడే ఉన్నారా? ముందు కూర్చోండి."

ఆ రోజు బయూమీని కూర్చోమన్నవాడు వాడొక్కడే. అడిగిందల్లా చెప్పేశాడు: పూర్తి పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు నంబరు.

"భద్రత కోసం, మీ అమ్మగారి పేరు?"

పక్క కాఫీ హోటల్లో పాచికల చప్పుడు ఆగిపోయింది. ఈ సందులో మగవాడు తల్లి పేరు బయట చెప్పడు. ఆవిడ 'బయూమీ వాళ్లమ్మ', అంతే. చిన్నప్పుడు బడిలో ఎవడి తల్లి పేరైనా బయటపడిందా, వాడికి మనవలు పుట్టినా ఆ పేరుతోనే ఏడిపిస్తారు.

హోటల్లో కూర్చున్న మంగలి ఫర్‌గలీ కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "చెప్పు ఉస్తాద్, సిగ్గెందుకు? పుట్టినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నాం."

"నోర్మూసుకుని నీ హుక్కా పీల్చుకో."

స్పీకరు తీసేసి, వేలాడుతున్న జుబ్బాల వెనక్కి పోయి, బయూమీ నోటికొచ్చిన పేరొకటి గొణిగాడు. "అతియాత్." అబద్ధమే. అడిగితే ఈ ఊళ్లో ఏ మగాడైనా అబద్ధమే చెబుతాడు.

"సరిపోయింది హాజీ గారూ! మా కంప్యూటర్లోనూ అదే ఉంది. ఇప్పుడు మీకో మెసేజ్ వచ్చింది చూడండి. అందులో అంకెలు చదివితే పనైపోయినట్టే."

చదవడానికి నోరు తెరిచాడు. త్వరగా చదివేసి గోడకి చేరగిలబడాలని ఉంది. అప్పుడు తట్టింది. సరిపోవడమేంటి?

"బాబూ, మీ కంప్యూటర్లో ఏ పేరుందీ?"

"మీరు చెప్పిందేనండీ. అతియాత్ గారు."

"అది మా మేనమామ గాడిద పేరు."

అవతల మర్యాద ఊడిపోయింది. "అంకెలు చెప్పకపోతే డబ్బంతా పోద్దిరా ముసలోడా!"

బయూమీ పెట్టేశాడు. తిరిగి తిట్టే ఓపిక కూడా లేదు.

ఫర్‌గలీ లేచొచ్చాడు. మొహంలో వెటకారం లేదు. "అంకెలు చెప్పావా?"

"లేదు."

"బతికావు. మా బావమరిది ఇలాగే అంకెలు చెప్పాడు, ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. నువ్వు కార్డు నంబరు ఇచ్చావుగా, వీడు ఇంకో దారిన వస్తాడు. సిమ్ము అట్ట మీదున్న నంబరుకి నువ్వే చేసి వాలెట్‌కి తాళం వేయించు. వాడిచ్చే ఏ నంబరుకీ చెయ్యకు."

చేశాడు. సంగీతం మొదలైంది. అది అయ్యేలోపు ఒకడికి పెళ్లి చేసి విడాకులు కూడా ఇప్పించొచ్చు. చివరికి తనకన్నా అలసిన ఆడపిల్ల గొంతు పలికింది.

"తాళం వేస్తానండీ. ముందు మీరేనని తేలాలి. మీ అమ్మగారి పేరు?"

బయూమీ గోడవారన జారి నేలమీద చతికిలపడ్డాడు. "తల్లీ, ఇంకేదైనా అడగరాదూ?"

"ఇదే అడగాలండీ."

గుసగుసగా చెప్పాడు.

"వినబడలేదండీ. కొంచెం గట్టిగా."

హోటలంతా ఊపిరి బిగబట్టింది. ఫర్‌గలీ పెద్దమనసు చేసుకుని చెవులు మూసుకున్నాడు, వేళ్ల మధ్య సందు వదిలి. సీవా ఇసుక తలచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, బయూమీ కన్నతల్లి పేరు షుబ్రా మొత్తం వినేలా అరిచాడు.

"తాళం పడిందండీ," అంది ఆ అమ్మాయి.

లేవడానికి ఎవరైనా చెయ్యిస్తారేమోనని చూశాడు. హోటల్లో ఎవరికీ తీరిక లేదు. అందరూ ఆ పేరు వల్లెవేసుకుంటున్నారు.