రొయ్యల ఆమ్లెట్ తిన్న ఆదివారం

మా ఆయనకు అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. పెళ్లయినప్పటి నుంచీ ఆయన రొయ్యలు తినని వారం నాకు గుర్తు లేదు. పాలు మాన్పించగానే రొయ్యల పులుసుతోనే అన్నం అలవాటు చేశానని మా అత్తగారు చెబుతుంటారు. అందుకే ఆ ఆదివారం కళ్ల ముందు జరుగుతున్నది నాకు చాలాసేపు అర్థం కాలేదు.

సముద్రం వైపు పోయే దారిలో ఒక పెంకుటిల్లును బాగుచేసి కెఫే పెట్టారు. నడిపేది ఇద్దరు ముస్లిం భార్యాభర్తలు. భర్త అంతకుముందు కావలిలో బట్టల వ్యాపారం చేసినవాడు. వంటంతా ఆవిడది. వసారాలో నాలుగే టేబుళ్లు, కిటికీలకు పాత నూలు చీరలతో కుట్టిన తెరలు, లోపలి నుంచి వెన్నలో వేగే ఉల్లిపాయల వాసన. గోడకున్న పలక మీద 'బ్రంచ్' అని సుద్దతో రాసి ఉంది.

"ఇదేం పూట మే? టిఫినా, భోజనమా?" అని అడిగారు మా ఆయన.

రెండూ కలిపి ఒకేసారి తినడమని చెప్పాను. గుంటల కాడ తాము రోజూ చేసేది అదేననీ, దానికొక పేరుందని తెలియదనీ నవ్వారు. అంతకుముందు వారమే రొయ్యలు పట్టి అమ్మేశారు. చాలా రోజుల తర్వాత మనిషి తీరిగ్గా ఉన్నారు. నేను కారందోశ చెప్పాను. ఆయన రొయ్యల ఆమ్లెట్, కాఫీ చెప్పారు.

సగం ఆమ్లెట్ తిన్నాక అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టారు. దోమ కుట్టి ఉంటుందనుకున్నాను. కాసేపటికి చెవులు ఎర్రబడ్డాయి. ఎండ తగులుతోందేమో, ఇటు జరగమన్నాను. జరిగారు. కాఫీ కప్పు ఎత్తి, ఒక్క గుక్క తాగి, మింగలేక కప్పులోకే వదిలేశారు.

"గొంతులో ఏదో అడ్డం పడినట్టుండాది," అన్నారు.

ఆ గొంతు ఆయనది కాదు. నోట్లో గుడ్డ కుక్కి మాట్లాడినట్టుంది. ముల్లు గుచ్చుకుందేమో అన్నాను. రొయ్యకు ముల్లెక్కడిదన్న ఆలోచన నోటి నుంచి మాట జారాక వచ్చింది. పై పెదవి నేను చూస్తుండగానే ఉబ్బింది. కళ్ల కింద చర్మం పొంగింది. ఎదురుగా కూర్చున్న మనిషి మరెవరో అయిపోతున్నట్టు అనిపించింది. లేవాలనుకున్నాను, లేవలేకపోయాను.

పళ్లెం తీసుకుపోవడానికి వచ్చిన ఆవిడ ఆయన ముఖం చూసి ఆగిపోయింది. లోపలికి తిరిగి భర్తను కారు తియ్యమని కేకేసింది. తర్వాత నా భుజం పట్టుకుని లేపింది.

"అక్కా, ఇప్పుడు ఏడవబాక. ఆయన్ని పట్టుకో, పోదాం పా."

వెనక సీట్లో నేను, ఆయన. ముందు ఆ భార్యాభర్తలు. రోడ్డుకు రెండు పక్కలా గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు. ఆయన ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు సన్నటి శబ్దం. ఆ శబ్దం వినలేకపోయాను. అది ఆగిపోతుందేమోనన్న భయం అంతకంటే ఎక్కువైంది. ఊరి మొదట్లో వరిగడ్డి ట్రాక్టరు మా ముందు దారి నిండా పోతోంది. కెఫే యజమాని హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ట్రాక్టరు పక్కకు దిగడానికి చోటు లేదు. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏదో చెప్పబోయారు. మాట రాలేదు. గుంటల సంగతో, హాస్టల్లో చదువుకుంటున్న మా అమ్మాయి సంగతో చెప్పాలనుకున్నారని నాకు తోచింది. "ఏం చెప్పొద్దు, తర్వాత చెబుదురుగాని," అన్నాను. ఆ తర్వాత అనేది ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

ట్రాక్టరు ఒక సందులోకి తిరిగాక గానీ దారి దొరకలేదు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఆయన్ని చూస్తూనే నర్సును పిలిచి తొడకు ఇంజెక్షన్ వేయించింది. ముక్కుకు, నోటికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. నా పక్కన ఆ ఆవిడ తల మీది కొంగు సరిచేసుకుంటూ పెదవులు కదుపుతూ ఉంది. ఆమె దువా చేస్తోందని అర్థమైంది. నాకు ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు. మూసిన తలుపునే చూస్తూ ఉండిపోయాను.

తలుపు తీసిన డాక్టరమ్మ, వాపు దిగుతోందనీ, గండం గడిచిందనీ చెప్పింది. సాయంత్రం దాకా ఉంచుకోవాలంది. ఇన్నేళ్లు పడిన తిండి ఒక్కసారిగా పడకుండా పోవచ్చట. ఇక రొయ్య ముట్టకూడదు. ఉడికే ఆవిరి కూడా కొందరికి ముప్పు తెస్తుంది కాబట్టి వండేచోట ఉండకూడదు.

"గుంటలుండాయి మాకు," అన్నాను.

ఆమె మందుల చీటీ రాసి నా చేతికిచ్చింది. జాగ్రత్తగా ఉండాలమ్మా, అని మాత్రం అంది.

మా ఆయన గుంటలు మానలేదు. చేతులకు తొడుగులు వేసుకుంటారు, జేబులో ఇంజెక్షన్ పెట్టుకుంటారు. దాన్ని ఎట్టా పొడవాలో నేనూ నేర్చుకున్నాను. ఇంట్లో పాత రొయ్యల చట్టిని మా అత్తగారు తానే పగలగొట్టి పారేశారు.

మళ్లీ ఆ కెఫేకు పోదామని ఆయనే అన్నారు. నాకు ఇష్టం లేదు. అయినా పోయాము. ఆ ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, రొయ్యలు తగలని కొత్త పెనం చూపించింది. మేము వస్తున్నామని ఈ రోజు రొయ్యలే వండలేదని చెప్పింది. ఆమె మాట నమ్మాను. అయినా బల్ల దగ్గరకొచ్చాక ఆయన మింగే ప్రతి ముద్దకూ నా చూపు ఆయన గొంతు మీదికే పోయింది. నా పళ్లెంలోది చల్లారిపోయింది.

ఆయన కారందోశ తుంచి నోట్లో పెట్టుకుని ఒక్కసారిగా దగ్గారు. నేను లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. కళ్ల నిండా నీళ్లు.

"కారం మే, అంతే. కూర్చో."

ఎవరో కుర్చీ ఎత్తి నిలబెట్టారు. కూర్చున్నాను. ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టారు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆ దోశ అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.