ఫోను పట్టుకున్న చెయ్యి

కోరుట్లలో ప్రసూతి వార్డు నర్సుగా నా చెయ్యి తిరిగిందని మురిసిపోతున్న రోజులవి. మా దగ్గరికి వచ్చే గర్భిణుల్లో చాలామంది భర్తలు గల్ఫులో ఉంటారు. కడుపు మీద బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పెట్టగానే అత్తగారు వీడియో కాల్ కలిపి ఫోను నా చేతిలో పెడుతుంది. "మా కొడుకు గూడ ఇంటడట సిస్టరమ్మా" అంటే కాదనలేను. నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉండేది.

ఆ రోజు దగ్గర్లోని ఇబ్రహీంపట్నం నుంచి ఎనిమిదో నెల గర్భిణిని ఆమె అత్త తీసుకొచ్చింది. ఆ అమ్మాయి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదంటున్నారు. దుబాయిలో ఉన్న భర్త అప్పటికే ఫోనులో ఉన్నాడు. ఒక చేత్తో డాప్లర్, రెండో చేత్తో ఫోను పట్టుకున్నాను. చప్పుడు దొరికింది. నిమిషానికి నూట ఇరవై ఎనిమిది. "మంచిగనే ఉంది" అన్నాను. అత్త "యా అల్లా" అంటూ కళ్లు ఒత్తుకుంది. అక్కడ అతనూ ఏడ్చేశాడు.

కాల్ అయిపోయాక, కేస్ షీటులో రాయాలి కాబట్టి ఆ అమ్మాయి నాడి చూశాను. నూట ఇరవై ఎనిమిది. డాప్లర్‌లో విన్నదీ అదే అంకె. జ్వరంలో తల్లి నాడి అలాగే పరుగెడుతుంది, డాప్లర్ తల్లి రక్తనాళాల చప్పుడు కూడా వినిపిస్తుంది, అందుకే వింటున్నంతసేపూ ఆమె మణికట్టు వదలకూడదు. కొత్త నర్సులకు ఈ పాఠం చెప్పేదాన్ని నేనే. మణికట్టు మీద ఉండాల్సిన చెయ్యి ఫోను పట్టుకుని కూర్చుంది. నా మీద నాకే ఒళ్లు మండింది. ఈసారి ఆమె మణికట్టు పట్టుకుని, మళ్లీ డాప్లర్ పెట్టాను.

"మల్ల జూస్తున్నవేంది సిస్టర్?" అంది ఆమె.

"ఇందాక ఇన్నది నీ గుండె చప్పుడే చెల్లె. లోపలిది ఇంక దొరకలే."

ఆమె కళ్లు మూసుకుంది. బిడ్డ వీపు ఎటుందో తడిమి చూసి, డాప్లర్‌ను కొద్దికొద్దిగా జరిపాను. బొడ్డు కింద ఎడమవైపు వేరే చప్పుడు వినిపించింది, ఇంకా వడిగా. నూట అరవై రెండు. మణికట్టు దగ్గర నూట ఇరవై ఎనిమిదే. నిమిషం నిండా లెక్కపెట్టాను. నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ వచ్చి స్కాన్ చేసి, బిడ్డ క్షేమమే అని చెప్పి, జ్వరానికి మందు పెట్టించింది.

భర్తకు మళ్లీ కాల్ చేయించి, నా తప్పు దాచకుండా చెప్పాను. తిడితే పడదామనే అనుకున్నాను. అతను తిట్టలేదు, అడిగాడు.

"గది ఆమె గుండెనా సిస్టర్? గంత జోరుగ కొట్టుకుంటున్నదా? ఆమెకేమైంది?"

ఫోను ఆమె చేతికిచ్చాను. ఆ పూట ఆమెకేమైందని అడిగింది అతనొక్కడే. నేనూ అడగలేదు.